లెక్కల భాండాగారము: మార్పునకు ముందు సన్నాహము



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము పేరు వినినంతనే, ఇది పట్టణములలో నున్నవారి గొడవయే కాని మనకేల యని మీలో కొందఱికి తోచవచ్చును. డేటాబేసు లనబడు లెక్కల భాండాగారములను గూర్చియు, వానిని నడపు సాఫ్టువేరును మార్చుటకు ముందు చేయవలసిన సన్నాహమును గూర్చియు ముచ్చటింప దలచితిని. మొదటనే ఒక్క మాట మనవి చేసెదను. మీ బ్యాంకు పాసుపుస్తకములోని నిలువ, మీ పింఛను, మీ భూమి యెవరి పేర నున్నదను వ్రాత, ఇవి యన్నియు నేడు కాగితము కంటె ముందుగా కంప్యూటరులో చేరుచున్నవి. కావున ఆ లెక్కలను కాపాడు విధానము మీకు పరాయి సంగతి కాదు. నేను పెక్కు సంవత్సరములుగా అట్టి భాండాగారములను కాచు ఉద్యోగములో నున్నవాడను. నాకు తెలిసినదానిని తేటగా చెప్పుటకు యత్నించెదను.

మీలో వయసు చెల్లినవారికి గ్రామకరణము జ్ఞప్తి యుండును. 1984వ సంవత్సరమున కరణీకములు రద్దగు వరకు ఊరి లెక్క ఆయన చేతిమీదుగా నడచెడిది. దస్త్రము ఆయన యింట నొక పెట్టెలో నుండెడిది. పెట్టెకు చెదలు పట్టినను, వాన కిల్లు కురిసినను, తాలూకా కచేరికి చేరని వ్రాతకు దిక్కు లేదు. ఆయన జ్వరపడినచో ఆ దినమున వ్రాయువాడును లేడు, చూపువాడును లేడు. ఇందు రెండు భయములు కలవు. వ్రాత పోవునను భయ మొకటి. వ్రాత యుండియు అక్కఱకు అందదను భయము రెండవది. కంప్యూటరు లెక్కకును ఈ రెండే భయములు. ఈ రెండింటిని వేఱువేఱుగా గుర్తుంచుకొన వేడెదను. నా ప్రసంగమంతయు ఈ భేదము చుట్టును తిరుగుచుండును.

లెక్కలను వరుసలుగను నిలువు గడులుగను పట్టికలలో నమర్చి, ఏ వివరము కావలసిన ఆ వివరమును అడిగి రాబట్టు పద్ధతిని 1970వ సంవత్సరమున ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమున ప్రతిపాదించెను. ఆయన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఐ.బి.యం. సంస్థ పరిశోధనాలయమున పనిచేయుచుండెను. నేటి డేటాబేసులలో పెక్కింటికి మూల మా వ్యాసమే. పట్టిక లుండుటకు స్థలము కావలయును గదా. ఆ స్థలమే డిస్కు. డిస్కు ఎంత మంచిదైనను ఒకనాడు చెడును. 1988లో అదే రాష్ట్రమున బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, మిక్కిలి వెలగల పెద్ద డిస్కు నొకదానిని నమ్ముటకంటె, చౌక డిస్కులను పెక్కింటిని చేర్చి, ఒకటి చెడినను లెక్క చెడకుండునట్లు అమర్చుట మేలని చూపిరి.

వ్రాత పోవునను భయమునకు ఇది మందు. వ్రాయువాడు పడకపట్టిన నెట్లను రెండవ భయమునకు మందు క్లస్టరు, అనగా యంత్రముల గుంపు. రెండు మూడు యంత్రములు ఒకే లెక్కల పుస్తకమును చదువుచు వ్రాయుచు నుండును. ఒకటి నిలిచినను తక్కినవి పని సాగించును. ఒరాకిల్ అను అమెరికా సంస్థ 2001లో తన 9వ సంచిక సాఫ్టువేరుతో రియల్ అప్లికేషన్ క్లస్టర్సు అను పేర నిట్టి గుంపును ప్రచారమునకు తెచ్చెను. 2003లో ప్రకటించిన 10వ సంచికతో, డిస్కుల పోషణమునకై ఆటోమేటిక్ స్టోరేజి మేనేజ్‌మెంటు అను భాగమును చేర్చెను. దానిని క్లుప్తముగా ఏ.యస్.యం. అందురు. నేను చేతులార నడపినది ఇదియే గాన దీనినే ఉదాహరణముగా గైకొందును.

ఏ.యస్.యం. చేయు పని యిది. లెక్కల పుస్తకమును చిన్న తునుకలుగా చేయును. మొదటి రోజులలో మామూలుగా తునుక యొక్కటికి 1 మెగాబైటు కొలత. ఆ తునుకలను డిస్కు లన్నింటిమీదను సమముగా పఱచును. ప్రతి తునుకకును రెండవ ప్రతి వ్రాసి, దానిని మఱియొక వర్గపు డిస్కులో నుంచును. ఏ డిస్కులు ఒకేసారి చెడు ప్రమాదము కలదో, అనగా ఒకే పెట్టెలో నుండి ఒకే విద్యుత్తు తీగను నమ్ముకొన్నవి యేవో, అవి యొక వర్గము. వివేకముగల రైతు విత్తనపు గింజలను రెండు గాదెలలో, అదియును రెండు వీథులలో దాచినట్లే యిది. ఒకే యింటి రెండు గదులలో దాచినచో, ఇంటికి నిప్పంటినప్పుడు రెండును పోవును.

గుంపులో మఱియొక చిక్కు కలదు. యంత్రములు ఒకదానితో నొకటి మాటాడుకొను తీగ తెగెననుకొనుడు. ప్రతి యంత్రమును రెండవది చచ్చినదని తలచి, పుస్తకము నాకే దక్కెనని వ్రాయ నారంభించును. ఇద్దఱు గుమాస్తాలు ఒకరి నొకరు చూడక ఒకే పుటమీద వ్రాసినట్లగును. లెక్క గందరగోళమగును. దీనికి విరుగుడు పంచాయతీ న్యాయమే. వోటు డిస్కులని కొన్నింటిని మూడో అయిదో బేసి సంఖ్యలో నుంతురు. సగముకంటె ఎక్కువ వోటు డిస్కులను అందుకొనలేని యంత్రము తానే తప్పుకొనవలయును. మూడింటిలో రెండు, అయిదింటిలో మూడు, ఇది నియమము. మెజారిటీ లేనివాడు తీర్పు వ్రాయరాదు.

ఇట్లు చక్కగా నడచుచున్న దానిని మార్చుట యెందులకని మీరడుగవచ్చును. సాఫ్టువేరు మనుష్యులు వ్రాసినది. అందు తప్పులు బయటపడుచుండును. దొంగలు దూరదగిన సందులును కనబడుచుండును. తయారుచేసినవారు వానిని దిద్ది కొత్త సంచికలు వెలువరింతురు. కొంతకాలమునకు పాత సంచికను దిద్దుట మానివేయుదురు. ఆ పిమ్మట పాతదానినే పట్టుకొని యుండుట, చూరు కుళ్లిన యింట వర్షాకాలమును ఎదురుచూచుట వంటిది. కాబట్టి మార్పు తప్పదు. ఐనను బ్యాంకుకును పింఛనుకును రాత్రి లేదు, పగలు లేదు. పని నిలుపక మార్చవలయును.

2007లో వెలువడిన 11వ సంచికనుండి ఏ.యస్.యం.ను వంతులవారీగా మార్చు పద్ధతి యేర్పడెను. మూడు యంత్రము లున్నచో మొదటిదానిని నిలిపి, కొత్త సంచిక నెక్కించి, మరల గుంపులో చేర్తురు. తరువాత రెండవది. పిమ్మట మూడవది. పూరింటి కప్పును ఒక వాలు విప్పి కప్పిన తరువాత రెండవ వాలు విప్పుట మీరెఱుగనిది కాదు. లోనివారు తడవకుండ పని జరుగును. కాని కప్పు విప్పుటకు ముందు వాసములు గట్టివో కావో తట్టి చూడవలయును, గడ్డి చాలునో చాలదో లెక్కింపవలయును, మబ్బు చూడవలయును. విప్పిన తరువాత చూచినచో ప్రయోజనము లేదు. కంప్యూటరు పనియు నట్టిదే. మార్చుట ఒక రాత్రి పని. సన్నాహము కొన్ని వారముల పని. ఆ సన్నాహమును ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటిది పరిశీలనము. ప్రతి యంత్రమునందును ఏ సంచిక నడచుచున్నది, జ్ఞాపకశక్తి యెంత, కొత్తదానికి కావలసిన ఉపకరణము లున్నవా, గడియారములు ఒకే వేళ చూపుచున్నవా, నడుమ తీగలు సరిగా నున్నవా యని వ్రాసికొనవలయును. గడియారముల మాట చిన్నదిగా తోచవచ్చును. మూడు యంత్రములు మూడు వేళలు చెప్పినచో ఏ వ్రాత ముందో యేది వెనుకయో తేలదు. ఈ పరిశీలనమునకు ఒరాకిల్ వారే క్లస్టరు వెరిఫికేషన్ యుటిలిటీ అను పరికరము నిచ్చుచున్నారు. అది ప్రతి యంశమును పరీక్షించి, సరియనియో సరికాదనియో చెప్పును. సరికానిదానిని సరిచేసి మరల అడుగవలయును. చిన్న తప్పే కదా యని దాటి పోరాదు.

రెండవది డిస్కుల ఆరోగ్యము. ప్రతి తునుకకును రెండు ప్రతులు నిజముగా నున్నవా? ఏదేని డిస్కు మౌనముగా పక్కకు తొలగియున్నదా? జంట ప్రతు లుండుటలో ఒక మోసము కలదు. ఒకటి చెడినను పని సాగుచునే యుండును గాన, చెడినదను సంగతి యెవరికిని తెలియకపోవచ్చును. కుంటియెద్దుతోనైనను బండి కదలుచున్నది గదా యని కూర్చున్నచో ఏఱు దాటునప్పుడు తెలిసివచ్చును. మఱియు కొత్త డిస్కు చేర్చినప్పుడుగాని, పాతది తీసినప్పుడుగాని, తునుకలను మరల సమముగా పఱచు పని కొంతసేపు జరుగును. అది ముగియకుండ మార్పు ప్రారంభింపరాదు. ఏలనన, వంతులవారీ మార్పు నడుచుచున్నంతసేపు డిస్కులను చేర్చుట, తీయుట, తునుకలను సర్దుట ఏ.యస్.యం. అంగీకరింపదు. అవసరమైన మరమ్మతు లన్నియు ముందే ముగింపవలయును.

మూడవది స్థలము. దీనిని ఒక చిన్న లెక్కతో చెప్పెదను. పది పుట్లు పట్టు గాదెలు మూడున్నవనుకొనుడు. మొత్తము ముప్పది పుట్లు. ప్రతి గింజకును జంట యుండవలెనన్న నియమముచే, పదునైదు పుట్ల లెక్క దాచవచ్చునని తోచును. అది పొరపాటు. ఒక గాదె కూలినచో మిగిలినవి రెండే. వాని పట్టు ఇరువది పుట్లు. ఆ యిరువదిలో జంటగా దాచదగినది పది పుట్లు మాత్రమే. కావున మూడు గాదెలుండగా దాచదగినదియు పది పుట్లే. ఖాళీగా కనబడు మిగిలిన చోటు వ్యర్థము కాదు. అది ఆపత్తునకు విడిచిన చోటు. ఏ.యస్.యం. ఈ లెక్కను తానే కట్టి చూపును. ఆ సంఖ్య సున్నకంటె తగ్గినచో, నేడు బాగున్నను, ఒక వర్గము పడిననాడు జంటలు తిరిగి కూర్చుటకు చోటు లేదని యర్థము.

ఇచ్చట నా తప్పు నొకదానిని మీ ముందుంచుట ధర్మము. చాల సంవత్సరముల క్రిందట నేనొక కార్యాలయమున పనిచేయుచుండగా, రెండు యంత్రముల గుంపొకటి నా వశమున నుండెను. వృద్ధులకు చెల్లించు సొమ్ముల పద్దులు దానియందే యుండెను. మార్పునకు నెల చివరి రాత్రిని నేనే యేర్పరచితిని. ఏలయని పెద్దలడుగగా, నెల లెక్కలు ముగియును గదా యని బదులు చెప్పితిని. మఱునాడు ఒకటవ తేదీ యను సంగతి నా బుద్ధికి తట్టలేదు. లెక్క లుంచు డిస్కులలో స్థలమును మూడుసార్లు కొలిచితిని. కొత్త సాఫ్టువేరు నెక్కింపవలసిన యంత్రపు సొంత డిస్కులో స్థలమున్నదో లేదో ఒక్కసారియు చూడనైతిని.

నడిరేయి మొదటి యంత్రమును నిలిపితిని. కొత్త సంచిక సగము వ్రాయబడి, చోటు చాలక ఆగిపోయెను. ముందుకు పోదమన్న చోటు లేదు. వెనుకకు పోదమన్న పాత సాఫ్టువేరునకు నేను ప్రతి తీసియుంచలేదు. అక్కఱలేని దస్త్రములను వెదకి తొలగించుటలో తెల్లవాఱెను. రెండవ యంత్ర మొక్కటియే నిలిచి పనిచేయుచుండెను. రాత్రివేళ అది భారమును సునాయాసముగా మోసెను. పగలు కార్యాలయము తెఱచి, ఒకటవ తేదీ జనము రాగానే, ఇద్దఱి పని యొక్కటి చేయలేక ఊపిరాడక నిలిచెను. ఒక్క యంత్రముతో పగటి భారము మోయవచ్చునా యని నేను ముందుగా కొలిచియుండలేదు.

పది గంటల వేళ నేను బయటి వసారాకు వచ్చితిని. అచ్చట బల్లమీద ఒక ముసలమ్మ కూర్చుండియుండెను. తొలి బస్సునకు తన యూరినుండి వచ్చినదట. చీర కొంగున మందుల చీటీ ముడివేసికొని యున్నది. యంత్రము పనిచేయుట లేదు, రేపు రమ్మని గుమాస్తా చెప్పెను. నే నెవరినో యామె యెఱుగదు. నన్ను చూచి, "నా డబ్బులు పోలేదు గదా నాయనా?" అని యడిగెను. "పోలేదమ్మా, భద్రముగా ఉన్నాయి" అంటిని. "పోకుంటే మరి ఇవ్వరేం?" అనెను. నేను బదులు చెప్పలేకపోయితిని. మధ్యాహ్నము రెండు గంటలకు యంత్రములు రెండును లేచెను. లెక్కలో ఒక్క యక్షరము పోలేదు. కాని అప్పటి కామె లేదు. వ్రాత యుండుట వేఱు, అది అక్కఱకు అందుట వేఱు అని మొదట నేను చెప్పిన మాట ఆ దినమున ఆమె నాకు నేర్పినదే.

నాటినుండి నేను నాలుగు సంగతులను విడువక చూచుచున్నాను. కొత్తదాని నెక్కించు చోట స్థలము. ఒకటి తగ్గినను మిగిలిన యంత్రములు పగటి భారమును మోయగల శక్తి. జనము రాని దినము. ఇన్ని గంటలలో పని ముగియకున్న వెనుకకు మరలవలెనను గడువు. ఈ గడువును పగటివేళ, నిదానముగా నున్నప్పుడు, కాగితముమీద వ్రాసి పెద్దల చేత ఒప్పించుకొనవలయును. నిద్ర లేని మనుష్యుడు, ఇంక కొంచెమే గదా యని తనను తాను మోసగించుకొనుట సహజము.

నాలుగవది ప్రతులు. లెక్కలకు పూర్తి ప్రతి తీయవలయును. గుంపులో ఏ యంత్రములున్నవి, ఏది యేమి చేయవలయునను విషయములు వ్రాసిన పట్టీ యొకటి కలదు. గుంపు దానిని తానుగా నాలుగు గంటల కొకసారి నకలు తీసి, కడపటి మూడు నకళ్లను, ఒక దినపు నకలును, ఒక వారపు నకలును నిలువయుంచును. ఐనను మార్పునకు ముందు చేతితో ఒకటి తీసి వేఱొకచోట నుంచుట మేలు. డిస్కులు ఏ వర్గములుగా కూర్చబడినవో తెలుపు వివరమునకును, పాత సాఫ్టువేరునకును ప్రతు లుండవలయును. అంతటితో సరిపోదు. ప్రతిని తెఱచి, మఱియొక యంత్రముమీద నిజముగా లెక్కను నిలబెట్టి చూడవలయును. విత్తు మొలచునో మొలవదో, నాలుగు గింజలను తడిగుడ్డలో కట్టి చూచిన పిమ్మటనే కదా పొలమున చల్లుదుము.

దీనికి లోకమెఱిగిన దృష్టాంతము కలదు. గిట్‌ల్యాబ్ అను సంస్థ ప్రోగ్రాములు వ్రాయువారి కృతులను తన కంప్యూటర్లలో దాచును. 2017 జనవరి 31వ తేదీ రాత్రి, అచ్చటి ఉద్యోగి యొకడు చెడిన యంత్రమును బాగుచేయుచు, పొరపాటున అసలు యంత్రములోని లెక్కలను తుడిచివేసెను. ప్రతుల కొఱకు వెదకగా, దినదినము తీయబడుచున్నవనుకొన్న ప్రతులు లేనేలేవు. డేటాబేసు 9.6 సంచికకు చేరియుండగా, ప్రతి తీయు పరికరము 9.2 సంచికదై యుండెను. అది ప్రతిదినమును విఫలమగుచునే యుండెను. విఫలమైతినని అది పంపిన జాబులు చేరక పోయెను. అదృష్టవశమున, ఆఱు గంటల ముందు వేఱొక పనికై చేతితో తీసిన ప్రతి యొకటి దొరకెను. రమారమి 6 గంటల వ్రాతలు శాశ్వతముగా పోయెను. ఆ సంస్థవారు దాపరికము లేక ఈ వృత్తాంతమంతయు తామే ప్రకటించిరి. అది మెచ్చదగినది. గాదెను పెద్దదిగా మార్చి, తాళపుచెవి పాతదే యుంచినట్లు, డేటాబేసును మార్చి ప్రతి తీయు పరికరమును మఱచుట వారికి ముప్పు తెచ్చెను.

అయిదవది వరుస. భాండాగారపు సాఫ్టువేరును ముందు మార్చి, దానిమీద నడచు డేటాబేసును తరువాత మార్చవలయును. పాత డేటాబేసు కొత్త భాండాగారముపై నడువగలదు గాని, కొత్త డేటాబేసు పాత భాండాగారముపై నడువదు. గోడ లేవకముందే దూలమెత్తరాదు గదా. మఱియు డిస్కుల వర్గమునకు, ఏ సంచిక మొదలుకొని దీనిని చదువగలదను గుర్తొకటి యుండును. కొత్త సంచిక సౌకర్యములు కావలెనన్న ఆ గుర్తును పెంపవలయును. కాని ఒకసారి పెంచినచో తగ్గించుటకు వీలులేదు. పాత సాఫ్టువేరు మరల ఆ డిస్కులను తెఱువజాలదు. ఏఱు దాటి తెప్ప తగలబెట్టుట కృతఘ్నత యని లోకులందురు. దాటకముందే తగలబెట్టుట అవివేకము. కావున కొన్ని వారములు కొత్తది నిలుకడగా నడచిన పిమ్మటనే ఆ గుర్తును తాకవలయును.

ఆఱవది అభ్యాసము. అసలుదానిని పోలిన చిన్న గుంపు నొకదానిని వేఱుగా నమర్చి, మార్పు నంతయు ఆదినుండి అంతము వరకు చేసి చూడవలయును. ముందుకు పోవుటయే కాక వెనుకకు మరలుటయు అభ్యసింపవలయును. పెక్కుమంది ఈ రెండవదానిని మఱతురు. ఆర్.బి.యస్. అను బ్రిటిషు బ్యాంకు సమూహమున 2012 జూన్ నెలలో, రాత్రివేళ పద్దులను వరుసగా నడపు సాఫ్టువేరునకు కొత్త సంచిక నెక్కించిరి. చిక్కులు కనబడగా దానిని తొలగించి పాతదానికి మరలిరి. మరలినచో ఏమగునో ముందుగా పరీక్షించియుండలేదు. ఆ మరలుటయే గొప్ప ముప్పయ్యెను. బ్రిటనులో 65 లక్షలకు పైబడిన ఖాతాదారులు ఇబ్బంది పడిరి. జీతములు చేరలేదు. చెల్లింపులు నిలిచెను. 2014 నవంబరులో అచ్చటి అధికార సంస్థలు రెండు కలిసి ఆ బ్యాంకులపై 5 కోట్ల 60 లక్షల పౌనుల జుల్మానా విధించెను. ముందుకు వేసిన అడుగు కంటె, చూడక వెనుకకు వేసిన అడుగు ఎక్కువ హాని చేసినది.

ఏడవది మాట. ఏ రాత్రి, ఎన్ని గంటలు, ఏ పనులు నెమ్మదించును, ఎవరిని పిలువవలెను అను సంగతులను పై యధికారులకును, గుమాస్తాలకును, ప్రజలకును ముందే తెలుపవలయును. ఒకరు పని చేయుచుండగా మఱియొకరు వ్రాసిన జాబితాను చదువుచు, ముగిసిన ప్రతి మెట్టునకు ఎదుట గుర్తు పెట్టవలయును. గట్టి పనివాడనని జ్ఞాపకమును నమ్మువాడే తప్పు చేయును. ఆ మాట నాకును చెల్లును.

ఇవి యన్నియు ముగిసిననాడు మార్పు రాత్రి వట్టి చప్పగా గడచును. మొదటి యంత్రము నిలుచును, మారును, లేచి గుంపులో చేరును. అది చక్కగా నడచుచున్నదని తెలిసిన పిమ్మట రెండవది. ఆ మీదట మూడవది. చివరి యంత్రమును మారినదాక గుంపు సంధికాలములో నున్నట్లే. ఆ స్థితిలో దినములు గడుపరాదు. ముగిసిన తరువాత డిస్కులను మరల పరీక్షించి, కొత్త ప్రతి తీసి, ఆ ప్రతిని తెఱచి చూచి, అప్పుడు పండుకొనవలయును. తెల్లవాఱి ప్రజలకు ఏమియు తెలియకపోవుటయే మా పనికి బహుమానము.

పెద్దలారా, మీవంతుగా చేయదగినవియు కొన్ని కలవు. ఫలానా రాత్రి సేవలు నిలుపబడునని బ్యాంకువారో కచేరివారో ప్రకటించినచో, దానిని చదివి పదిమందికి చెప్పుడు. మందులకో ప్రయాణమునకో కావలసిన సొమ్మును ముందే తీసికొనుడు. పాసుపుస్తకమును అప్పుడప్పుడు అచ్చువేయించి, పట్టాకాగితపు నకలును ఇంట భద్రపఱచుడు. కంప్యూటరులో నున్నది గదా యని కాగితమును పాఱవేయవలదు. భాండాగారము మార్చుచున్నాము, మీ రహస్యపు అంకెను గాని, ఫోనునకు వచ్చిన ఓ.టీ.పీ.ని గాని చెప్పుడని యెవరైనను ఫోనులో నడిగినచో, వాడు దొంగయని తెలిసికొనుడు. ఎన్ని యంత్రములు మార్చినను మాకు మీ రహస్యపు అంకెతో పనిలేదు.

మఱియొక విన్నపము. మీ కచేరిలో యంత్రము పనిచేయుట లేదని చెప్పినప్పుడు, బల్లకు ఈవలనున్న గుమాస్తాపై కోపపడకుడు. ఐనను ఒక ప్రశ్న అడుగుటకు మీకు హక్కు కలదు. ఎప్పుడు బాగగును, అంతవరకు మాకేమి దారి, అని అడుగుడు. ఆ ప్రశ్న పైకి ప్రాకి, ఒకనాటికి నావంటివాని చెవిని పడును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువారు లోకమున పెక్కుమంది కలరు. చెఱువునకు వేసవిలోనే పూడిక తీయించువారు మీరు. ఆ బుద్ధియే మాకును కావలసినది.

నాటి ముసలమ్మను నేను మరల చూడలేదు. కాని మార్పునకు దినము నిర్ణయించునప్పుడు మొదట పంచాంగము వంటి పట్టీని తీసి, ఆ మఱునాడు బల్లమీద నెవరు కూర్చుందురో చూచుకొందును. డిస్కుల లెక్క దాని తరువాతనే.